కోరుట్ల కేబులు, సిరిసిల్ల అతుకు

గల్ఫ్‌కు పోయి వచ్చినవాళ్ల వెంట పాట వినే యంత్రం ఇంటికి రావడం జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలకు కొత్త కాదు. ఒకప్పుడు టూ-ఇన్-వన్ వచ్చేది. ఇప్పుడు ఆంప్లిఫయర్ విడిగా, స్పీకర్లు విడిగా, రెంటినీ కలిపే కేబులు మరీ విడిగా, దాని పెట్టెతో సహా వస్తున్నాయి. తగువంతా ఆ కేబులు దగ్గరే. కొత్త ఇంట్లో అది చాలదు. చాలని కేబులును మరో వైరుతో పొడిగిస్తే పాట పాడవుతుందా?

ఈ ప్రశ్న మీద ఒక బావ, ఒక బావమరిది నా ముందే వాదించుకున్నారు. బావది కోరుట్ల. మస్కట్‌లో పనిచేసి వచ్చి జగిత్యాలలో ఇల్లు కట్టుకున్నాడు. తెచ్చుకున్న కేబులు ఒక్కో స్పీకరుకు మూడు మీటర్లు. హాలులో ఆంప్లిఫయర్ ఒక గోడకు, స్పీకర్లు ఎదుటి గోడకు పెట్టాల్సి రావడంతో తొమ్మిది మీటర్లు కావలసి వచ్చింది. బావమరిది సిరిసిల్లలో మైక్‌సెట్ నడుపుతాడు. నా మొగ్గు ఎటో ముందే చెబుతాను, సిరిసిల్ల వైపే. అయితే కోరుట్ల ఆయన అడిగినవాటిలో కొట్టిపారేయలేనివి చాలా ఉన్నాయి. పాటను ప్రేమించి అడిగిన ప్రశ్నలవి. అందుకే వాళ్ల మాటలు వాళ్ల యాసలోనే రాస్తున్నాను.

బావ: ఇది మామూలు వైరు కాదు బామ్మర్దీ. ఆక్సిజన్ తీసేసిన రాగి. రెండు నెలల జీతం పెట్టి కొన్న. దీనికి నువ్వు బజార్ల దొరికే వైరు అతికిస్తనంటున్నవ్. మంచిది మూడు మీటర్లు, మామూలుది ఆరు మీటర్లు. మరి పాట దేని లెక్క వస్తది? మామూలు దాని లెక్కనే కద.

బామ్మర్ది: నీ స్పీకరు లోపల ఏ వైరు ఉన్నదో చూసినవా బావా? కోను వెనుక వాయిస్ కాయిల్ ఉంటది. సన్నటి తీగ, కొన్ని మీటర్ల పొడుగు, చుట్టలు చుట్టలుగ. దానికంటె ముందు, లోతు స్వరాలను సన్న స్వరాలను విడదీసే క్రాసోవర్‌ల ఇంకో కాయిల్, అందుల ఇంకిన్ని మీటర్లు. నీ కేబులు దాటినంక పాట అంత ఆ సన్నటి తీగల గుండనే పోవాలె. అక్కడ చెడిపోని పాట నా ఆరు మీటర్ల మందపు వైరుల ఎందుకు చెడిపోతది?

బావ: లోపలిది కంపెనీవాడు లెక్క గట్టి పెట్టిండు. నువ్వు అతికేది లెక్క గట్టి కాదు కద.

బామ్మర్ది: లెక్క గట్టే అతికిస్త. 2.5 స్క్వేర్ ఎంఎం రాగి వైరు మీటరుకు దగ్గర దగ్గర 0.007 ఓమ్ అడ్డుపడ్తది. పోవుడు ఒక తీగ, వచ్చుడు ఒక తీగ, కాబట్టి 0.014. ఆరు మీటర్లకు 0.083. నీ కేబులు 4 స్క్వేర్ ఉంటదనుకో, మూడు మీటర్లకు 0.026. మొత్తం 0.11 ఓమ్. నీ స్పీకరు 8 ఓమ్. గొంతు 0.12 డెసిబెల్ తగ్గుతది. పాట నడుస్తుంటే ఒక డెసిబెల్ తగ్గితేనే పట్టుకునుడు కష్టం.

బావ: 8 అని వెనుక రాసి ఉంటదంతే. నేనూ చదివిన. స్పీకరు ఓమ్ ఒక్క తీరుగ ఉండదు, స్వరం మారితే అది మారుతది. ఒక కాడ నాలుగుకు పడ్తది, ఇంకో కాడ ముప్పైకి లేస్తది. అప్పుడు నీ 0.11 అన్ని స్వరాలను ఒక్క తీరుగ తగ్గించదు. డోలు ఒక తీరు, షెహనాయి ఒక తీరు అయితది. గొంతు తగ్గితే నాకు బాధ లేదు, పాట రంగు మారితేనే బాధ.

ఈ మాటతో వాదం అసలు చోటికి వచ్చింది. కేబులు పాటను మార్చగల దారి ఏదైనా ఉంటే ముందు చెప్పుకోవలసింది ఇదే. రాగి స్వచ్ఛత గురించి పెట్టె మీద రాసేవాటికంటే, బావ చెప్పిన ఈ ఒక్క కారణానికి బలం ఎక్కువ. సిరిసిల్ల ఆయన కాగితం తీసుకున్నాడు.

బామ్మర్ది: నీ మాట ఒప్పుకుంట. నాలుగు ఓమ్ ఉన్న కాడ 0.23 డెసిబెల్ తగ్గుతది, ముప్పై ఉన్న కాడ 0.03. రెంటికి తేడా 0.2. అది నీ చెవికి అందదు. కాని ఇదే తొమ్మిది మీటర్లకు సన్నటి బెల్లు వైరు, 0.5 స్క్వేర్‌ది, వేసినవనుకో. 0.62 ఓమ్ అయితది. నాలుగు కాడ 1.25 తగ్గుతది, ముప్పై కాడ 0.2 కూడ తగ్గదు. తేడా ఒక డెసిబెల్ దాటింది. అప్పుడు నువ్వన్నట్టు రంగు మారుతది, వినపడ్తది కూడ. అందుకే పొడుగు పెరిగితే మందం పెంచాలె. వైరు పేరుతోని పని లేదు.

బావ: డాంపింగ్ ఫ్యాక్టర్ సంగతేంది? నా ఆంప్లిఫయర్‌ది 200. నీ వైరు అతికినంక అది యాభైకి పడ్తది. బేస్ వదులైతది, డోలు దెబ్బ కొట్టిన కాడ ఆగదు.

బామ్మర్ది: స్పీకరు 8 ఓమ్‌ను ఆంప్లిఫయర్, వైరు అడ్డంతోని భాగిస్తే వచ్చేదే ఆ అంకె. లెక్క సరిగనే కట్టినవ్, యాభై మూడుకు పడ్తది. కాని కోను ఆగుడు ఎట్లనో చూడు. కోను ఊగితే కాయిల్‌ల కరెంటు పుడ్తది. ఆ కరెంటే కోనుకు బ్రేకు. అది ఆంప్లిఫయర్‌ల నుంచి, వైర్ల నుంచి తిరిగి మళ్ల కాయిల్ గుండనే పోవాలె. కాయిల్‌కు సొంతంగ ఆరు ఓమ్ రెసిస్టెన్స్ ఉంటది, మీటరు పెట్టి చూసుకో. వైరు లేకముందు బ్రేకుకు అడ్డం 6.04 ఓమ్. వైరు పెట్టినంక 6.15. నూటికి రెండు మారింది. దాన్నే డాంపింగ్ ఫ్యాక్టర్ అని రాస్తే 200 యాభై అయినట్టు కనపడ్తది.

బావ: రెండన్న మారింది కద.

బామ్మర్ది: మారింది. ఇంకో లెక్క విను. రాగి వేడెక్కితే ఒక్కో డిగ్రీకి దాని రెసిస్టెన్స్ నూటికి 0.39 పెరుగుతది. నువ్వు గంటసేపు గట్టిగ పాటలు పెట్టినవ్, కాయిల్ యాభై డిగ్రీలు వేడెక్కింది. ఆరు ఓమ్ ఏడు దాటుతది. మొదటి పాటకు, పదో పాటకు నడుమ నీ కాయిల్‌లనే ఒక ఓమ్ మారింది. నా అతుకు తెచ్చేది దాంట్ల పదో వంతు.

బావ కొంతసేపు మాట్లాడలేదు. తర్వాత లెక్కలన్నీ పక్కనబెట్టి, తనకు జరిగినది చెప్పాడు. వాదం మలుపు తిరిగింది ఇక్కడే.

బావ: లెక్కలు నీవే గెలుస్తయి. కాని నేను చెవులారా విన్న. పోయిన దసరకు ఒక ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఇదే కేబులు కొసకు, కొయ్యకుంట, వైరు ముక్కలు అతికిచ్చిన. బేస్ మొత్తం పోయింది. పాడేటాయన గొంతు నడుమ ఉండేది, అది చెదిరి రెండు గోడలకు అంటుకున్నట్టయింది. పాట పలచగ, నీళ్ల తీరుగ అయింది. ఆ పూటనే పీకి పారేసిన. నువ్వు 0.12 డెసిబెల్ అంటున్నవ్. నేను విన్నది అబద్ధమా?

బామ్మర్ది: ఆ వైరు ఉన్నదా?

ఉంది. మెట్ల కింద అట్టపెట్టెలో చుట్టచుట్టి ఉంది, అతుకులు అతుకులుగానే. సిరిసిల్ల ఆయన ఆంప్లిఫయర్‌కు కరెంటు తీసేసి, స్పీకర్లకు పాత వైరునే మళ్లీ తగిలించి, రెండో కొస ఆంప్లిఫయర్‌కు పెట్టకుండా చేతిలో ఉంచుకున్నాడు. గోడ గడియారంలోని పెన్సిల్ సెల్ తీశాడు. ఎడమ వైరు ఎర్ర కొసను సెల్ ప్లస్‌కు, నల్ల కొసను మైనస్‌కు ఆనించాడు. టక్‌మని ఎడమ స్పీకరు కోను ముందుకు వచ్చింది. కుడి వైరుకూ అలాగే ఆనించాడు. కోను లోపలికి పోయింది. నేను కూడా వంగి చూశాను, అనుమానం లేదు. అతుకు మీది టేపు విప్పితే ఎర్ర గీత ఉన్న తీగకు గీత లేని తీగ మెలిపెట్టి ఉంది.

బామ్మర్ది: ఒక స్పీకరు గాలిని నూకుతుంటే ఇంకోటి గుంజుతున్నది. 50 హెర్ట్జ్ స్వరం అల గాలిల ఏడు మీటర్ల పొడుగు ఉంటది. అంత పొడుగు అలకు నీ రెండు స్పీకర్లు ఒక్క కాడ ఉన్నట్టే, ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటయి. బేస్ అట్ల పోయింది. నడుమ ఉండవలసిన గొంతు కూడ అట్లనే చెదిరింది. ఇది చూడు ఇంకోటి.

అతికిన వైరులో ఒక పోగు విడదీసి బ్లేడుతో గీకాడు. పైన రాగి రంగు, లోపల తెలుపు. అల్యూమినియం మీద రాగి పూత పూసిన వైరు అది. అంతే మందం రాగితో పోలిస్తే దీని రెసిస్టెన్స్ ఒకటిన్నర రెట్లు ఉంటుంది. లైటర్ మంటకు పెడితే పోగు కరిగి ముద్దయింది. రాగి పోగును అదే మంటలో పెట్టి చూపాడు, అది ఎర్రబడిందే గాని కరగలేదు. మెలిపెట్టిన చోట సగం పోగులు తెగి, మిగిలినవి నల్లబడి ఉన్నాయి.

బావ: అంటే నా చెవి అబద్ధం చెప్పలేదు.

బామ్మర్ది: చెప్పలేదు బావా. నీ చెవి విన్నది నిజం. తప్పు ఎవనిదో పట్టుకునుడే తప్పిపోయింది. అతుకు తప్పును నువ్వు పొడుగు మీద వేసినవ్.

సంవాదం మొత్తంలో నాకు విలువైనదిగా తోచిన మాట ఇది. కేబుల్ మారిస్తే పాట మారిందన్నవాళ్లను వెర్రివాళ్లను చేసి మాట్లాడటం చాలామందికి అలవాటు. అది అన్యాయం. వాళ్లలో చాలామంది నిజంగానే తేడా విని ఉంటారు. వదులు స్క్రూ, తారుమారైన ప్లస్ మైనస్, నల్లబడిన కొస, వీటిలో ఏది సరిచేసుకున్నా పాట మారుతుంది. కొత్త కేబులు వేసేటప్పుడు ఇవన్నీ మనకు తెలియకుండానే సర్దుకుంటాయి. మెప్పు మాత్రం కేబులుకు పోతుంది.

బావ: సరే, అతుకు మంచిగనే వేసినవనుకుందాం. అయినా మంచి కేబులుకు, మామూలు వైరుకు తేడా నాకు వినపడ్తది. నువ్వు సాంచాల (మరమగ్గాల) చప్పుడుల పెరిగినోనివి, నీకు వినపడకపోవచ్చు.

బామ్మర్ది: ఆ మాటకు నాకు కోపం రాదు. సాంచాల చప్పుడు ముందుగ తినేది 4,000 హెర్ట్జ్ కాడి చెవినే. మా నాయన బతుకంత సాంచాల మీదనే గడిచింది, ఇప్పుడు పక్కన కూసుని పిలిచినా పలుకడు. అందుకే నా చెవి మీద తీర్పు పెట్టను. నీ చెవి మీద పెడ్త, కాని ఒక్క షరతు. ఏ వైరు పెట్టిన్నో నీకు కనపడొద్దు. రెంటి గొంతు మీటరు పెట్టి సమానం చెయ్యాలె. కొంచెం గట్టిగ ఉన్న పాటే మనకు మంచిగ వినపడ్తది, అది అందరి చెవుల గుణం.

బావ: అట్ల ఎవరన్న చేసిన్రా?

బామ్మర్ది: 1983ల అమెరికాల స్టీరియో రివ్యూ పత్రికల లారీ గ్రీన్‌హిల్ అనే ఆయన రాసిండు. ఖరీదు కేబులు, 16 గేజ్ మామూలు వైరు, 24 గేజ్ సన్నటి వైరు పెట్టి మందికి వినిపిచ్చిండు. సన్నటి వైరు వెనుకబడ్డది. పాట పెట్టినప్పుడు ఖరీదు కేబులుకు, 16 గేజ్ వైరుకు తేడా పట్టలేకపోయిన్రు. 16 గేజ్ అంటే 1.3 స్క్వేర్. మన దుకాణాల 40/76 వైరు ఉంటది కద, 0.0076 అంగుళం పోగులు నలభై, అది 1.17 స్క్వేర్. దగ్గర దగ్గర అదే.

బావ: అయినా పొడుగు తక్కువ ఉంటేనే మంచిదని అందరూ అంటరు.

బామ్మర్ది: బ్రిటన్‌ల నేమ్ అని పేరున్న కంపెనీ ఉన్నది. దాని ఆంప్లిఫయర్లకు కేబులు 3.5 మీటర్లకంటె తక్కువ వెయ్యొద్దని ఆ కంపెనీనే చెప్పింది. ఆ ఆంప్లిఫయర్ కట్టిన తీరుకు కేబుల్ ఇండక్టెన్స్ కొంచెం కావాలె. ఇంకో దిక్కు అల్లిన తీరు కేబుళ్లుంటయి, వాటి కెపాసిటెన్స్ ఎక్కువ. అటువంటివి పెడ్తే కొన్ని ఆంప్లిఫయర్లు తట్టుకోలేక లోపల్లోపలనే ఊగిపోతయి. ఖరీదు పెరిగితే మేలే అయితదని లేదు.

బావ: మరి రెండు పక్కల పొడుగు సమానం లేకుంటే? ఒక పక్క మూడు మీటర్లు, ఒక పక్క తొమ్మిది మీటర్లు వేస్తే ఒక స్పీకరు పాట ముందు వస్తది కద.

బామ్మర్ది: ఆరు మీటర్ల వైరు దాటనీకి కరెంటుకు పట్టేది 30 నానోసెకన్లు. ఆ టైముల గాలిల చప్పుడు మిల్లీమీటరుల నూరో వంతు పోతది. నువ్వు కుర్చీల జర కదిలితే దానికంటె ఎన్నో రెట్లు తేడా వస్తది.

బావ: గిన్ని చెప్తున్నవ్, మరి జాతరల నీ హారన్లు రెండు వందల మీటర్లు వైరు లాగితే ఎట్ల కీచుమంటయో నేను వినలేదా?

బామ్మర్ది: కీచుమనేది హారన్. లోతు స్వరాలు అందుల పుట్టనే పుట్టవ్. పొడుగు సంగతంటవా, అది మేము వేరే తీరుగ దాటుతం. మైక్‌సెట్ ఆంప్లిఫయర్ వెనుక 4, 8, 16 ఓమ్‌ల పక్కన 100 వోల్టులు అని ఇంకో స్క్రూ ఉంటది. 40/76 వైరు రెండు వందల మీటర్లకు పోనురాను 5.9 ఓమ్. వంద వాట్లు 8 ఓమ్ మీద పంపితే మూడున్నర ఆంపియర్లు పోతయి, నూటికి నలభైకి పైన వైరుల్నే వేడయిపోతది. అదే 100 వోల్టుల మీద పంపితే ఒక్క ఆంపియరే పోతది, నూటికి ఐదారుకంటె ఎక్కువ పోదు. హారన్ కాడ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి మళ్ల దించుకుంటం. పొడుగు శత్రువు అయ్యేది అక్కడ, రెండు వందల మీటర్ల కాడ. నీ హాల్ల తొమ్మిది మీటర్లకు అది శత్రువు కాదు.

బావ: అయితే అతికెయ్యి మరి. ఎట్ల అతుకుతవో చూస్త.

బామ్మర్ది: మా సిరిసిల్లల వైపని చేసేటోళ్లు బీము మారినప్పుడు పాత పోగుకు కొత్త పోగు అతుకుతరు. వేల పోగులల్ల ఒక్కటి తప్పినా బట్ట మీద గీత పడ్తది. వైరు అతుకుడు కూడ అట్లనే, ఏ పోగు తెగొద్దు, ఎర్రదానికి ఎర్రదే కలువాలె. రెండు అతుకులు ఒక్క కాడ పడొద్దు, ఒకటి ముందు, ఒకటి వెనుక. మెలిపెట్టి విడిచిపెడ్తే గాలికి నల్లబడ్తది, సోల్డరింగ్ చేసి పైన స్లీవ్ తొడగాలె. అతికినంక ఆ కొసన రెండు తీగలు కలిపి, ఈ కొసన మీటరు పెట్టాలె. మీటరు పుల్లలు ఒకదానికొకటి ఆనిస్తే వచ్చే అంకెను అందుల నుంచి తీసెయ్యాలె. మిగిలింది నేను చెప్పిన 0.11 దగ్గర లేకుంటే అతుకు విప్పి మళ్ల వెయ్యాలె. కాని బావా, నా మాట వింటే నీ కేబులును కొయ్యనే కొయ్యకు.

బావ: ఇంతసేపు అతికితే ఏం కాదంటివి!

బామ్మర్ది: పాటకు ఏం కాదు. కోసినంక దానికి అమ్ముడు ధర ఉండదు. తొమ్మిది మీటర్లు 2.5 స్క్వేర్ అసలు రాగి వైరు అతుకు లేకుంట ఒక్క ముక్కగ లాగుదాం. 0.12 ఓమ్ అయితది, అతికినదానికి దీనికి తేడా లేదు. చెడిపోయేతందుకు అతుకే ఉండదు.

బావ ఆ కేబులును మడిచి పెట్టెలో పెట్టాడు. మనసు పూర్తిగా ఒప్పుకోలేదని ముఖం చూస్తే తెలుస్తూనే ఉంది. కళ్లకు గంతలు కట్టి వినే పరీక్షకు ఇంకా కూర్చోలేదు, కూర్చుంటానన్నాడు. ఆ పరీక్షలో ఆయన తేడా పట్టుకుంటే అదీ నిజంగానే రాసుకోవాలి.

నా తీర్పు మాత్రం ఇది. అసలు రాగి, చాలినంత మందం, గట్టి అతుకు, ప్లస్‌కు ప్లస్ కలిపితే ఇంటి హాలులో కేబులును పొడిగించడం వల్ల పాట చెడదు. కేబులు రెసిస్టెన్స్ స్పీకరు ఓమ్‌లలో నూటికి ఐదు దాటకుండా చూసుకొమ్మనేది ఈ పనిలో పాత లెక్క. 2.5 స్క్వేర్ రాగి వైరుతో 4 ఓమ్ స్పీకరుకు 14 మీటర్లు, 8 ఓమ్ స్పీకరుకు 29 మీటర్లు ఆ లెక్కలోపే ఉంటాయి. మన ఇళ్లలో అంతకంటే పొడుగు హాలు అరుదు. రెండు నెలల జీతం పెట్టాలనుకుంటే స్పీకర్ల మీద పెట్టండి. ఖాళీ గోడలు, నున్నటి బండలు ఉన్న కొత్త హాలులో చప్పుడు గింగురుమంటుంది కాబట్టి మందపు పరదాల మీద, తివాచీ మీద పెట్టండి. వాటితో వచ్చే మార్పును పట్టుకోవడానికి కళ్లకు గంతలు అక్కర్లేదు.

ఇల్లు కడుతున్నవాళ్లకు ఇంకో మాట. ప్లాస్టరింగ్‌కు ముందే స్పీకరు వైర్లకు వేరే పైపు వేయించండి, కరెంటు వైర్ల పైపులో వాటిని కలపనివ్వకండి. దుకాణంలో వైరు కొనేటప్పుడు ఒక పోగు గీకి చూపించమని అడగండి. అతికించిన తర్వాత పాట పలచబడిందనిపిస్తే, కేబులును నిందించేముందు ఒక పెన్సిల్ సెల్ తీసుకుని రెండు కోన్లూ ఒకే వైపు కదులుతున్నాయో లేదో చూసుకోండి.